లెక్కలోకి రాని డబ్బాలు

జూన్ 18

అగ్గిపుల్లకి,

వదిన ఆశీస్సులు. ఉత్తరం చూడగానే ఎవరికి ఏమైందోనని గుండెలు బాదుకోకు. ఇక్కడ అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం. మీ అన్నయ్య అయితే మరీ గుండ్రంగా ఉన్నారు. సిగరెట్లు మానేసినప్పటి నుంచి నోరు ఖాళీగా ఉండనివ్వడం లేదు. మొన్న బస్సు స్టీరింగు వెనక కూర్చోబోతే చొక్కా గుండీ ఒకటి ఊడి కండక్టరు ఒళ్ళో పడిందట. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద అయితే నువ్వు నాకు అడ్డురాలేవు.

మా బడిలో ఈ ఏడు ఎర్ర కార్డులు ఎత్తేశారని నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. జిల్లా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని మా వంటిళ్ళ రోజువారీ లెక్క చిట్టీలకు ముద్ర కొట్టే మనిషివి కదా. ఇన్నాళ్ళూ ఇంట్లో ఇబ్బందిగా ఉందని రాసిచ్చి కార్డు తెచ్చుకున్న పిల్లలకే ఉచితంగా పెట్టేవాళ్ళం. వాళ్ళకి వేరే వరస, కిటికీ పక్కన వేరే బల్ల. ఇప్పుడా పీడ వదిలింది. డాక్టరు గారి అబ్బాయైనా, ఇళ్ళలో పనిచేసే ఆవిడ కూతురైనా కంచం పట్టుకొస్తే వడ్డించడమే. అలా వడ్డించిన మొదటి రోజు నాకైతే గాలిలో తేలుతున్నట్టు అనిపించింది.

రెండో రోజుకి నేల మీదకి దిగాను. నాలుగు వందల మందికి వండితే నూట తొంభై కంచాలు కదిలాయి. చిన్నపిల్లలు తోసుకుంటూ వస్తున్నారు. పెద్ద క్లాసుల వాళ్ళు హాలు గుమ్మం తొక్కడం లేదు. వాళ్ళ దృష్టిలో అది ఇప్పటికీ ఎర్ర కార్డు వాళ్ళ హాలే. ఆకలైనా ఓర్చుకుంటారు కానీ ఆ వరసలో కనబడరు. సగం వంట పారబోస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆగస్టు నెలాఖరు దాకా చూసి, సగం మంది కూడా తినకపోతే మళ్ళీ కార్డులే పెడతామని మీ సారు రాశాడట. పెద్ద టీచరు ఆ కాగితం నాకు చూపించింది. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ఇప్పటికీ చెయ్యి కాలకుండా గరిటె తిప్పుతున్న
వదిన


జూలై 2

గుండిగ వదినకి,

నీ ఆశీస్సులు అందాయి, అన్నయ్య గుండీ సంగతి కూడా అందింది. ఆ గుండీ ముక్క ఒక్కటీ మా సెక్షన్‌లో పైకి చదివి వినిపించాను, ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నువ్వు నా వదినవని మాత్రం చెప్పలేదు. చెబితే నీ చిట్టీలు నా బల్ల మీద ఉండనివ్వరు, అప్పుడు నాకు పొద్దుపోదు.

పెద్దపిల్లలు రావడం లేదంటే నాకు ఒకటే అనుమానం. కూరలో ఉప్పు. ఏమీ అనుకోకు, నా పెళ్ళిచూపులకి నువ్వు వండిన రోజు మా అత్తగారు తాగిన మంచినీళ్ళు నేను ఈ జన్మలో మర్చిపోను. ఒక గరిటె తగ్గించి చూడు.

ఇంతకీ ఒక వింత. ఇరవై రెండు బడుల చిట్టీలు వస్తాయి, నేను ముందు నీదే తీస్తాను. 'మిగిలింది' అన్న గడిలో మొదట్లో 'సగం' అని రాశావు, అక్షరాలు మూలుగుతున్నట్టున్నాయి. నాలుగు రోజుల నుంచి 'ఏమీ లేదు' అని రాస్తున్నావు, అక్షరాలు గంతులేస్తున్నాయి. బాగుంది. కానీ కడిగిన కంచాల గడిలో మాత్రం అదే నూట తొంభై! నాలుగు వందల మంది వంటని నూట తొంభై కంచాల్లో ఎలా పట్టించావే తల్లీ? అక్కడేమో అన్నయ్య గుండీలు ఊడుతున్నాయి. నాకు రెండూ రెండూ కలిపితే నాలుగు వచ్చింది.

అందుకే నిన్నటి చిట్టీ అంచున నీకోసం పెన్సిలుతో ఒక ముక్క రాశాను. ముద్ర వేశాక ఎటూ నీకే తిరిగొస్తుంది. చూసి ఉడుక్కో.

నీ వంట తిని కూడా బతికి బట్టకట్టిన
మరదలు


జూలై 9

అగ్గిపుల్లకి,

నా ఉప్పు జోలికి వస్తే ఊరుకోను. మీ అత్తగారు ఆ రోజు నీళ్ళు తాగింది నీ పాట వినలేక.

నీ చిట్టీ ఇంకా తిరిగి రాలేదు. నీ చమత్కారం దారిలో ఎక్కడో ఇరుక్కున్నట్టుంది. వస్తే మీ అన్నయ్యకి చదివి వినిపిస్తాను. చెల్లెలు వెక్కిరించినా వరమిచ్చినట్టే మురిసిపోతారు ఆయన.

గుండిగల సంగతి నాకు వదిలెయ్యి. ఖాళీ అవుతున్నాయి, పిల్లలే తింటున్నారు. అంతకు మించి అడగకు. అడిగినా చెప్పను. నాకూ కొన్ని గుట్లు ఉండొద్దా?

నువ్వు తిండి గురించి మాట్లాడితే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఎనిమిదో క్లాసులో నువ్వు గాలికి ఎగిరిపోతావేమోనని మీ అన్నయ్య చెయ్యి పట్టుకుని బడికి నడిపించేవారట. అగ్గిపుల్ల అని పేరు పెట్టింది కూడా అప్పుడేనట. అన్నం అంటే నీకు ఒంటికి పడేది కాదటగా? అప్పుడు నా వంట దొరికి ఉంటే ఈపాటికి నువ్వు గుమ్మంలో పట్టేదానివి కాదు.

పెద్ద టీచరు గిన్నెలకి కొత్త మూతలు తెప్పించింది. ఒక్కటీ సరిపోలేదు. వెనక తలుపు గడియ కూడా ఊడింది, దాని పనే ఇప్పుడు నాకు ఎక్కువ.

ఉండనా మరి,
వదిన


జూలై 16

వదినా,

ఈసారి నవ్వులాట కాదు. మంచినీళ్ళు తాగి కూర్చుని చదువు.

నేను పెన్సిలు ముక్క రాసిన చిట్టీ తిరుగు సంచిలో పడలేదు. మా సారు ఫైల్లో పడింది. దాని మీద ఏం రాశానో తెలుసా? 'వంట నాలుగు వందలకి, కంచాలు నూట తొంభై. మిగతాదంతా వంటావిడ మొగుడు గారి పొట్టలోకేనా?' అని. సారు దాన్ని సెక్షన్ వారి పరిశీలన అనుకున్నాడు! కింద ఎర్ర సిరాతో 'విచారణ జరపండి' అని రాశాడు. చూడగానే నా పై ప్రాణం పైనే పోయింది.

పరిగెత్తుకెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ మా వదిన, అది మా అన్నయ్య పొట్ట, మా ఇంట్లో మేం ఇలాగే మాట్లాడుకుంటాం సార్, అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పరాచికం సంగతి సరేనమ్మా. మరి ఆ అంకెల సంగతేమిటి?" అన్నాడు. జవాబు నాకూ తెలియదు కదా.

ముప్పయ్యో తారీఖున సారే స్వయంగా వస్తున్నాడు. కారణం చెప్పలేకపోతే నిన్ను పనిలోంచి తీసేస్తారు. అంతకంటే పెద్ద దెబ్బ, 'పిల్లలు తినడం లేదు, తిండి బయటికి పోతోంది' అని రాసి మీ బడికి మళ్ళీ కార్డులు పెట్టేస్తారు. చేతులు జోడించి అడుగుతున్నాను, నిజం చెప్పు. అన్నయ్య గానీ తోటి డ్రైవర్ల కోసమని గిన్నె పట్టుకెళ్తున్నాడా? ఆయన జాలిగుండె నాకు తెలియనిది కాదు.

నోరు జారి చేతులు కాల్చుకున్న
నీ మరదలు


జూలై 20

మరదలా,

మీ అన్నయ్య నా వంటిల్లు గుమ్మం కూడా తొక్కలేదు. ముప్పై ఏళ్ళు బస్సులో దొరికిన గొడుగు కూడా వెనక్కిచ్చిన మనిషి. తోడబుట్టిన దానివి, ఆయన్ని ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? పెన్సిలుతో రాసింది నవ్వుకోవడానికి. మరి ఇంకుతో రాసింది?

నేనేం చెప్పను. తీసేస్తే తీసేయనివ్వు.

వదిన

జూలై 21

నిన్నటి కాగితం పోస్టు చెయ్యకుండా మీ అన్నయ్య లాక్కున్నారు. చదివి, కోపం తెచ్చుకోకుండా కడుపు పట్టుకుని నవ్వారు. "దానికి అనుమానం రావడంలో తప్పేముంది, అద్దంలో చూస్తే నాకే వస్తోంది. దాన్ని ఎందుకు ఏడిపిస్తావు, చెప్పెయ్" అన్నారు. అందుకని చెబుతున్నాను. ఇది నీ కడుపులో దాచుకో. మీ సారుకి గానీ, పెన్సిలుకి గానీ తెలియకూడదు.

జూన్ మూడో వారంలో వెనక తలుపు దగ్గర ఒక పదో క్లాసు అమ్మాయి నిలబడింది. మా వాళ్ళు పొడుగమ్మాయి అంటారు, చూరు అందుతుంది ఆ పిల్లకి. చేతిలో స్టీలు డబ్బా. "ఆంటీ, ఇందులో వేస్తారా?" అంది. హాల్లోకి వెళ్ళి తినమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "అందరూ చూస్తారు. డబ్బాలో అయితే ఇంటి నుంచి తెచ్చుకున్నట్టే ఉంటుంది" అంది. పొద్దున ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని రావడం, మధ్యాహ్నం క్లాసులో దాన్ని తెరవకుండా కడుపు నొప్పి అనడం, ఇదీ ఆ పిల్ల బతుకు. వేశాను. ఎవరితోనూ అనొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

మర్నాడు నలుగురు వచ్చారు. వారానికి నూట యాభై మంది. ఇప్పుడు నూట అరవై దాకా డబ్బాలు. ఎదిగే పిల్లలు కదా, తలా ఒక గరిటె ఎక్కువే వేస్తాను, గుండిగ అడుగు కనిపిస్తుంది. భోజనాల గంట కొట్టగానే ఒకరికొకరు కనబడకుండా జారుకుంటూ వస్తారు, ప్రతివాళ్ళూ తమ గుట్టు తమకే తెలుసనుకుంటారు! నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క జాలి.

డబ్బాలకి చిట్టీలో గడి లేదు. రాద్దామంటే, తిండి హాలు దాటి పోకూడదని రూలు. పోనీ ధైర్యం చేసి చెబుతాననుకో, మీ సారు పేర్లు అడుగుతాడు. పేర్లు కాగితం మీదకి ఎక్కాయంటే ఆ పిల్లలు మళ్ళీ ఆ తలుపు దగ్గరికి రారు. మళ్ళీ ఖాళీ డబ్బాలే. అందుకని నేను నోరు మెదపను.

నిన్నటి కాగితం కూడా ఇందులోనే పెడుతున్నాను, కోప్పడ్డందుకు ఏమనుకోకు.
వదిన


జూలై 26

వదినా,

ఉత్తరం ఆఫీసులో తెరిచాను. ఇంక పని చెయ్యలేక స్టేషనరీ గదిలోకి వెళ్ళి, కాగితాల కట్టల మధ్య కూర్చుని ఏడ్చాను. ఎందుకో చెబుతాను. అన్నయ్యకి కూడా చెప్పు, నాకు ఎదురుగా చెప్పే ధైర్యం ఇన్నేళ్ళయినా రాలేదు.

నాకు అన్నం ఒంటికి పడకపోవడమేమీ లేదు. మా ఇద్దరికీ ఎర్ర కార్డులు ఉండేవి. అన్నయ్య తనది చూపించి, కిటికీ పక్క బల్ల దగ్గర హాయిగా తినేసేవాడు. ఎవరేమన్నా తనకి పట్టేది కాదు. నేను నాది మొదటి వారంలోనే మురిక్కాలవలో పడేశాను. రెండేళ్ళు మధ్యాహ్నం పూట కుళాయి నీళ్ళు తాగి లైబ్రరీలో కూర్చున్నాను. సాయంత్రం అన్నయ్య 'తిన్నావా?' అంటే 'తిన్నా' అనేదాన్ని. మరి ఇంత పుల్లలా ఉన్నావేమే అని నవ్వి ఆ పేరు పెట్టాడు. పేరు మీద నాకేం కోపం లేదు వదినా, నాకిష్టం కూడా. కానీ ఒక వెనక తలుపు ఉండి, అక్కడ నువ్వుంటే ఎంత బాగుండేది!

నీ గుట్టు నా నోట రాదు. కానీ నిన్ను పోగొట్టుకోవడం కూడా నావల్ల కాదు. ఒక్క అబద్ధం ఆడు. రోజూ సగం వంట మాడిపోయి పారబోశానని చెప్పు. మందలించి వదిలేస్తారు.

మరదలు


ఆగస్టు 2

అగ్గిపుల్లకి,

ముందుగా ఒక మాట. ఇరవై ఆరేళ్ళుగా వండుతున్నాను, వంట మాడ్చానని నా నోటితో నేను చెప్పాలా? ఉద్యోగం ఊడినా సరే కానీ ఆ మాట అనను. ఇంకెప్పుడూ అలాంటి సలహా ఇవ్వకు.

నీ ఉత్తరం మీ అన్నయ్య రెండుసార్లు చదివారు. భోజనం దగ్గర కూర్చుని, కలిపిన ముద్ద అలాగే పెట్టేసి లేచారు. "రోజూ అడిగాను. తిన్నా అంది. నమ్మాను" అని అదే మాట అంటూ కూర్చున్నారు. నువ్వు ఆయనకి ఒక ఉత్తరం రాయి. నాలుగు తిట్లు కలిపి రాయి, అప్పుడే కుదుటపడతారు.

ఇక ముప్పయ్యో తారీఖు. మీ సారు పొద్దున్నే వచ్చి కొట్టు గది చూశాడు, గుండిగల్లోకి తొంగి చూశాడు, కంచాలు తానే లెక్కపెట్టాడు. ఇంతలో భోజనాల గంట కొట్టారు. హాల్లో నూట తొంభై మంది. వెనక తలుపు దగ్గర ఒక్కళ్ళూ లేరు. సారు వచ్చాడని తెలిసి ఎవరూ రాలేదు. గుండిగలో సగం అలాగే ఉంది. ఆయన నా ఎదుట నిలబడి, "చూశారా అమ్మా? నేనున్న రోజున మిగిలింది. లేని రోజున మిగలదు. ఎక్కడికి పోతోంది?" అన్నాడు. నేను కొంగు నడుముకి చుట్టుకుని, "చెప్పలేనండీ" అన్నాను. "చెప్పలేరా, చెప్పరా?" అన్నాడు. "చెప్పనండీ" అన్నాను. పాపం పెద్ద టీచరు కళ్ళు తుడుచుకుంది. ఆయన కలం తీశాడు.

అప్పుడు హాలు ముందు గుమ్మంలోంచి పొడుగమ్మాయి వచ్చింది. వెనక నుంచి కాదు, ముందు నుంచి! చేతిలో డబ్బా మూత టకటక కొట్టుకుంటోంది. నేను కళ్ళతోనే పొమ్మన్నాను. పోలేదు. "సార్, ఆవిణ్ణి ఏమీ అనకండి. మీ లెక్కలోకి రానిది మేమే" అని మూత తీసి చూపించింది. "ఇది రోజూ ఇంటి నుంచి ఖాళీగా వస్తుంది సార్. ఇక్కడ నిండుతుంది."

ఆ తర్వాత దాని వెనక ఇంకో డబ్బా, ఇంకో డబ్బా. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, 'నువ్వూనా?' అన్నట్టు మొహాలు పెట్టారు. ప్రాణస్నేహితులు కూడా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదు వెర్రి మొహాలు! సారు ఒక్కో డబ్బాలోకి చూస్తూ పోయాడు. ఒక పిల్ల డబ్బా నిండుగా ఉంది. "ఇదేమిటి, ఇది నిండుగా ఉందే?" అన్నాడు. "మా అమ్మ పెట్టింది సార్. నేను ఊరికే వీళ్ళకి తోడు వచ్చాను" అంది. ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, అందరూ పగలబడి నవ్వారు. మీ సారు కూడా నవ్వాడు, నేను చూశాను, కాదన్నా నమ్మకు.

ఒక్క పేరు కూడా రాసుకోలేదు. కలం జేబులో పెట్టుకుని, "వడ్డించండమ్మా, చల్లారిపోతోంది" అన్నాడు. నేను వడ్డిస్తూ ఏడ్చాను. ఆ పూట ఉప్పు ఎక్కువై ఉంటుంది, ఒప్పుకుంటున్నాను.

ఇంక ఏం రాస్తాడో ఏమో. నాకు కంటి మీద కునుకు లేదు, త్వరగా కబురు పంపు.

వదిన


ఆగస్టు 13

గుండిగ వదినకి,

మీ బడిలో కార్డులు మళ్ళీ రావు! ఆర్డరు టైపు చేసింది నేనే. నాలుగుసార్లు తప్పు కొట్టాను, సంతోషం పట్టలేక. వచ్చే ఏడాది నుంచి ఇరవై రెండు బడులకీ ఇదే పద్ధతి పెట్టాలని సారు పైకి రాశాడు. తిండి హాలు దాటకూడదన్న రూలు కొట్టేశాడు. చిట్టీలో కొత్త గడి పెట్టించాడు, 'డబ్బాలు' అని. పేర్లు రాయాల్సిన పని లేదు, ఎన్నో రాస్తే చాలు.

నన్ను పిలిచి గట్టిగానే చీవాట్లు పెట్టాడు. చిట్టీల మీద పెన్సిలు పెడితే పెన్సిళ్ళన్నీ లాక్కుంటానన్నాడు. నేను లేచి వస్తుంటే, "మీ వదినగారి వంటలో ఉప్పు కాస్త ఎక్కువమ్మా" అన్నాడు. నేను నీ పరువు కాపాడాను వదినా. ఆవిడ కన్నీళ్ళు పడ్డాయి సార్, అన్నాను.

అన్నయ్యకి తిట్లతో ఉత్తరం రాశాను. తిరుగు టపాలో ఒకే ఒక్క ముక్క రాశాడు: 'ఈపూట తిన్నావా?' తిన్నానని చెప్పు. ఈసారి నిజమని కూడా చెప్పు.

ముద్రలు కొట్టుకుంటూ,
మరదలు


ఆగస్టు 22

అగ్గిపుల్లకి,

ఇది వదిన ఆడపడుచుకి రాస్తున్నది కాదు, వంటావిడ ఆఫీసుకి రాస్తున్నది. ముద్ర వేసి ఫైల్లో పెట్టు, ఈసారి దారి తప్పినా ఫర్వాలేదు.

నీ ఆర్డరు సోమవారం పొద్దున ప్రార్థనలో పెద్ద టీచరు చదివింది. డబ్బాలు తెచ్చుకోవచ్చు, దాచుకోవాల్సిన పని లేదు అని చెప్పింది. నేను నూట అరవై డబ్బాలకి సిద్ధపడి వెనక తలుపు బార్లా తీసి, పక్కన స్టూలు కూడా వేసుకుని కూర్చున్నాను. గంట కొట్టారు. ఒక్క పిల్ల రాలేదు. పది నిమిషాలైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందరి ముందూ చెప్పేసరికి సిగ్గుపడి మానేశారు, నా చేతులతో నేనే చెడగొట్టాను అనుకున్నాను.

అంతలో నా జత వంటమనిషి హాల్లోంచి కేక పెట్టింది. గరిటె పట్టుకునే పరిగెత్తాను. వరస హాలు దాటి, వరండా దాటి, మెట్ల దాకా ఉంది. ఒకటో క్లాసు బుడ్డోళ్ళ వెనక పదో క్లాసు వాళ్ళు నిలబడ్డారు. ఒక్కరి చేతిలోనూ డబ్బా లేదు. పొడుగమ్మాయి ముందు ఒక బుడ్డోడు నిలబడి, "అక్కా, నువ్వు పెద్దదానివి కదా, నీకూ ఆకలేస్తుందా?" అని అడిగాడు. "చాలా" అంది.

నా దగ్గర ఉన్నవి రెండు వందల కంచాలే. అవి అయిపోయాక గిన్నెల మూతల్లో వడ్డించాను. పెద్ద టీచరు తెప్పించిన, దేనికీ సరిపోని ఆ కొత్త మూతలన్నీ వాడేశాను. చివరి ముగ్గురూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

కాబట్టి ఆఫీసు వారికి విన్నపం. నూట అరవై కంచాలు పంపించండి. రేపటికే కావాలి.

వంటావిడ